వహీదా రెహమాన్ అవార్డులో గుంటూరు వాటా

2023 అక్టోబర్ 17న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 69వ జాతీయ చలనచిత్ర అవార్డులు ఇచ్చారు. మన వైపు మాత్రం ఎవరిని కదిలించినా ఒకటే మాట, అల్లు అర్జున్! తప్పేం లేదు. తెలుగు హీరోకి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు రావడం అదే మొదటిసారి. 'పుష్ప' పాటలకు దేవిశ్రీ ప్రసాద్‌కి, 'ఆర్ఆర్ఆర్' నేపథ్య సంగీతానికి కీరవాణికి, 'కొండపొలం' పాటకు చంద్రబోస్‌కి కూడా వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం 'ఉప్పెన'.

అయితే అన్నిటికంటే పెద్దదైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అదే వేదిక మీద వహీదా రెహమాన్ అందుకున్నారు. వయసు 85. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఈ గౌరవం తనొక్కదానిది కాదనీ, మేకప్ వేసినవాళ్లదీ, బట్టలు కుట్టినవాళ్లదీ కూడా అనీ చెప్పారు. నేను చూసిన వార్తల్లో ఆమెను 'బాలీవుడ్ నటి' అన్నారు, అంతే. అక్కడే నాకు మనసు చివుక్కుమంది.

ఎందుకంటే ఆమెకు మొదట పేరు తెచ్చింది మన సినిమా. పుట్టింది తమిళనాడులోని చెంగల్పట్టులో, కొంతకాలం చదివింది విశాఖపట్నం సెయింట్ జోసెఫ్ కాన్వెంట్‌లో. చిన్నప్పుడే తండ్రి పోయారు. నేర్చుకున్న భరతనాట్యమే ఆమెను 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి'లోకి తెచ్చింది. అందులో 'ఏరువాక సాగారో' పాటకు ఆడిన అమ్మాయే వహీదా. జిక్కి గొంతు, మాస్టర్ వేణు సంగీతం. రాసింది ఎవరనుకున్నారు? బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి, అప్పటి గుంటూరు జిల్లా మనిషి! తొలకరికి అరక కట్టే రైతుల మాట ఆ పాటలో ఉంది. పత్తి, మిర్చి వేసే మన పల్లెల్లో దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఎస్.డి. బర్మన్ అదే బాణీని హిందీ 'బంబయ్ కా బాబు'లో వాడుకున్నారు.

ఆ పాట హోరులోనే గురుదత్ దృష్టి ఆమె మీద పడింది. 1956లో 'సి.ఐ.డి.'కి తీసుకున్నారు. అక్కడ పేరు మార్చుకోమన్నారట. అప్పటి పద్ధతి అదే మరి. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు, ముంతాజ్ మధుబాల అయ్యారు. ఈ అమ్మాయి మాత్రం అమ్మానాన్న పెట్టిన పేరు మార్చనంది. నచ్చని దుస్తులు వేసుకోననే షరతు కూడా ఒప్పందంలో రాయించింది. ఇంకా ఇరవై కూడా నిండలేదు, పైగా ఆ ఊళ్లో కొత్త. ఆడపిల్లకి అంత పట్టుదల ఏంటని మన ఇళ్లలోనూ అనేవాళ్లుంటారు. నాకైతే ఫాల్కే కంటే ఆ షరతే పెద్దగా కనిపిస్తుంది.

తర్వాత తెలుగులో తక్కువే చేశారు. 1974లో అక్కినేనితో 'బంగారు కలలు', 1986లో కృష్ణ 'సింహాసనం'. మీ ఇంట్లో దాదీమా, నానీమా ఉంటే 'రోజులు మారాయి' పేరెత్తి చూడండి. హిందీ సినిమాల వహీదా, ఏరువాక పాటలో ఆడిన పిల్లా ఒకరేనని వాళ్లలో ఎంతమందికి తెలుసో అడగండి.