జపమాలలో మరొక పేరు

అది 1983 చలికాలం. ఢిల్లీ సరోజినీ నగర్‌లోని ప్రభుత్వ క్వార్టర్లలో మా పొరుగున గుంటూరు జిల్లా కథోలిక కుటుంబం ఒకటి నివసించేది. ఆ ఇంటి ఎనిమిదేళ్ల పిల్లవానికి విడవని జ్వరం, ఒంటిమీద నీలి మచ్చలు. పరీక్షించిన వైద్యులు లుకేమియా అన్నారు. అంటే రక్తపు క్యాన్సర్.

ఆ రాత్రి తల్లి విజయవాడ గుణదల లూర్దుమాతకు మొక్కుకున్నది. బిడ్డ దక్కితే కొండకు వచ్చి తలనీలాలు సమర్పిస్తానన్నది. నాటినుండి ప్రతి సాయంకాలం ఆ ఇంట జపమాల వినిపించేది.

కొన్నాళ్లకు పిల్లవాని స్థితి విషమించింది. తెలుగు తెలిసిన గురువొకరు అభ్యంగన తైలంతో ఆసుపత్రికి వచ్చారు. ఆ భరిణెను చూడగానే తల్లి నిలువునా వణికిపోయింది. ఆమె ఊరిలో దానిని ‘అవస్థ అభ్యంగనం’ అనేవారు. ప్రాణం పోయే వేళకే ఆ తైలం గడప దాటి ఇంట్లోకి వచ్చేది.

“వద్దు ఫాదర్‌గారూ! నా బిడ్డ ఇంకా బతికే ఉన్నాడు.”

“బతికి ఉన్నాడనే వచ్చానమ్మా” అన్నారాయన శాంతంగా. రెండవ వాటికన్ మహాసభ అనంతరం, 1972లో ఆరవ పౌలు పోపు ఈ సంస్కారపు విధిని నవీకరించారనీ, తీవ్రవ్యాధితో పోరాడే వారందరికీ ధైర్యమిచ్చేందుకే ఇది ఉన్నదనీ వివరించారు. పిల్లవాని నుదుటికీ అరచేతులకూ తైలం రాసి, “మందు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు” అని హెచ్చరించి వెళ్లారు.

ఆ మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని వెనుక ఒక తెలుగువాడున్నాడని యువ వైద్యుడొకరు ఆమెకు చెప్పారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన సాగించారు. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని అడ్డుకొనే మందులను ఆయన బృందం రూపొందించింది. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు. సుబ్బారావు మరణించినదీ ఆ ఏడాదే.

పక్క మంచం మీద మరొక పసివాడు ఉండేవాడు. అతని తల్లి కూడా అంతే ఆర్తితో తన దేవుణ్ణి వేడుకొనేది. ఒక తెల్లవారుజామున ఆ మంచం ఖాళీ అయింది.

సుమారు మూడేళ్ల చికిత్స తర్వాత మా పొరుగింటి పిల్లవాడు కోలుకున్నాడు. 1987 ఫిబ్రవరి 11న గుణదల ఉత్సవంలో తల్లి మొక్కు తీర్చుకున్నది. తిరిగి వచ్చాక నేను ఉండబట్టలేక, “మీ ప్రార్థన ఫలించింది గదా!” అన్నాను.

ఆమె ముఖంలో సంతోషం కన్నా ఆలోచనే ఎక్కువ కనిపించింది. “అలా అంటే, ఆ పక్క మంచం తల్లి ప్రార్థన ఫలించలేదనవలసి వస్తుందండీ. ఆ మాట నా నోట రాదు. ఆ రాత్రుళ్లు నేను ఒంటరిదాన్ని కాలేదు. నాకు తెలిసినది అంతే.”

1858 నుండి లూర్దుకు లక్షలాది రోగులు వెళ్లారు. అద్భుత స్వస్థతలుగా శ్రీసభ అంగీకరించినవి మాత్రం సుమారు 70. మిగిలిన వారి ప్రార్థనలన్నీ వ్యర్థమని ఆ తల్లి నమ్మలేదు.

సరోజినీ నగర్‌లోని పాత క్వార్టర్లు నేడు చాలావరకు లేవు. నాకు మాత్రం ఆ ఇంటి సాయంకాలపు జపమాల ఇంకా వినిపిస్తున్నట్లే ఉంటుంది. దాని చివర ఆమె రోజూ ఇద్దరిని తలచుకొనేది: పక్క మంచం పసివాణ్ణి, భీమవరం సుబ్బారావుగారిని.