‘తల్లీబిడ్డా క్షేమం’.. అప్పుడే ఎలా చెప్పేశారు?

రాత్రి 9.52కి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఓ మెసేజ్ పడింది. ‘పాప పుట్టింది. 3.4 కిలోలు. తల్లీబిడ్డా క్షేమం’. పెట్టింది మా ఆయన. ఇక చూస్కోండి.. హార్ట్‌లు, లడ్డూల బొమ్మలు, ‘మహాలక్ష్మి వచ్చింది’ అంటూ వరసపెట్టి రిప్లైలు.

అవన్నీ నేను చూసింది ఐదు రోజుల తర్వాత. ఎందుకంటే ఆ మెసేజ్ వెళ్లే టైమ్‌కి బిడ్డ క్షేమమే. తల్లి కాదు. దుప్పటి కింద నాకు రక్తం పోతూనే ఉంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలీదు. నాక్కూడా!

అన్నీ నార్మలే..

మాది కోనసీమలో ఐనవిల్లి. సిద్ధి వినాయకుడి గుడి అంటే టక్కున గుర్తుపడతారు. పరీక్షల ముందు స్వామి దగ్గర పూజ చేసిన పెన్నులు పిల్లలకు పంచుతారు. పదో తరగతి నేనూ ఆ పెన్నుతోనే రాశా. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మానాన్నా వచ్చి తీసుకెళ్లారు. ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకున్నా. పగలు కొబ్బరిచెట్ల కింద మీటింగులు, సాయంత్రం కాలవ గట్టు మీద నడక.

ఆఫీసులో నా పని సర్వర్లు ఎలా ఉన్నాయో కనిపెట్టి చూడటం. అదే అలవాటుతో నా ప్రెగ్నెన్సీకీ ఓ ఎక్సెల్ షీట్ పెట్టుకున్నా. బీపీ, షుగర్, బరువు, పాప కదలికలు.. అన్నీ రాసేదాన్ని. చివరిసారి చూసినప్పుడు హిమోగ్లోబిన్ 11.2. స్కాన్‌లన్నీ బాగున్నాయి. ‘రిస్కేం లేదమ్మా’ అన్నారు డాక్టర్. ఆ షీట్‌లో చివరి గడి ‘డెలివరీ’. దాని తర్వాత ఏం రాయాలో నేను ఆలోచించలేదు.

తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. కారులో అమలాపురంలోని ఓ ఆసుపత్రికి వెళ్లాం. హైదరాబాద్ నుంచి మా ఆయన మధ్యాహ్నానికి వచ్చేశారు. 17 గంటల నొప్పుల తర్వాత రాత్రి 9.35కి పాప పుట్టింది. నార్మల్ డెలివరీ! ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అందుకే ‘నార్మల్’ అనగానే మావాళ్లంతా మ్యాచ్ గెలిచేసినంత సంబరపడ్డారు. ఆ మాట వినగానే అందరం రిలాక్స్ అయిపోయాం.

నాయనమ్మ అటు వెళ్లలేదు

పాప ఏడుపు వినగానే అందరూ అటే పరుగెత్తారు. ముక్కు ఎవరిది, రంగు ఎవరిదని చర్చ. ఫొటోలు. వీడియో కాల్‌లో అత్తయ్యగారు. నన్ను పక్క గదిలోకి మార్చారు. దుప్పటి కప్పారు.

లోపలికొచ్చిన మా నాయనమ్మ మాత్రం ఉయ్యాల వైపు చూడలేదు. నేరుగా నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

‘‘ఏమే, చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?’’

‘‘ఏసీ కదా నాయనమ్మా.’’

‘‘పెదాలు కూడా ఏసీకే తెల్లబడ్డాయా? గుడ్డ మార్చారా లేదా?’’

మారుస్తారులే అన్నా. నాకు మాట్లాడే ఓపిక లేదు. నొప్పి లేదు గానీ, విపరీతమైన దాహం, చెవుల్లో హోరు, ముంచుకొచ్చే నిద్ర. 17 గంటలు కష్టపడ్డా కదా, అలసట అనుకున్నా. నాయనమ్మ దుప్పటి ఎత్తి చూసింది. అరవలేదు. గుమ్మం దాకా వెళ్లి, ‘‘నర్సమ్మగారూ, ఓసారి రండమ్మా. మా పిల్ల తడిసిపోయింది’’ అంది.

‘‘కాన్పయ్యాక కొంచెం అవుతుంది మామ్మగారూ, మామూలే.’’

‘‘కొంచెమో ఎంతో మీరే చూసి చెప్పండి తల్లీ.’’

నర్స్ వచ్చి చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కింది. గట్టిగా బంతిలా ఉండాల్సిన గర్భసంచి కలిపిన పిండిలా మెత్తగా ఉందట. ఆ తర్వాత నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. బెల్ మోత. పరుగులు. రెండు చేతులకూ సూదులు. పొట్టని పిడికిలితో నొక్కుతున్న డాక్టర్. ‘‘బీపీ 80’’ అన్న మాట. ‘‘నిద్రపోకు, నాతో మాట్లాడు’’ అంటున్న అమ్మ గొంతు.

లోపల ఏం జరిగిందంటే..

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైగా రక్తం సరఫరా అవుతుంటుంది. బిడ్డ పుట్టాక మాయ ఊడి వస్తుంది. అది అతుక్కున్న చోట రక్తనాళాల చివర్లు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అది గట్టిగా బిగుసుకుంటే ఆ నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. బిగుసుకోలేదా.. కుళాయి తిప్పి వదిలేసినట్టే.

కాన్పు తర్వాత అధిక రక్తస్రావానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. మాయ ముక్క లోపల ఉండిపోవడం, చిరుగులు, రక్తం గడ్డకట్టకపోవడం మిగతావి. ఎక్కువసేపు నొప్పులు పడితే కండరం అలసిపోయి ఈ ముప్పు పెరుగుతుంది. కానీ ముందు ఏ సమస్యా లేనివాళ్లకీ ఇలా జరుగుతుంది. నా ఎక్సెల్ షీట్ అబద్ధం చెప్పలేదు. చూడాల్సిన అసలు గంట అందులో లేదు, అంతే.

గోదావరి దాటాలి

మందులిచ్చినా రక్తం పూర్తిగా ఆగలేదు. కాకినాడ తీసుకెళ్లాలన్నారు. 108 వచ్చింది. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక, అక్కడ గౌతమి మీద వంతెన, అవతల యానాం, ఆపైన కాకినాడ. మొత్తం 60 కిలోమీటర్ల పైనే. తమ్ముడు, వాడి ఫ్రెండ్స్ రక్తం ఇవ్వడానికి వెనకాల కారులో బయల్దేరారు.

నాయనమ్మ ఎందుకు నా వైపే వచ్చిందో నెల తర్వాత చెప్పింది. వాళ్ల అక్కది గోదావరి లంక ఊరు. పెళ్లయిన మూడేళ్లకి ఇంట్లోనే మంత్రసాని పురుడు పోసింది. మగపిల్లాడని అంతా సంబరపడుతుంటే, పక్క తడిసిపోయిన సంగతి తెల్లారేదాకా ఎవరూ చూసుకోలేదు. మంచంతో సహా రేవు దాకా మోసుకెళ్లారు. పడవ అవతలి ఒడ్డున ఉంది. అది తిరిగొచ్చేలోపే అయిపోయింది. ‘‘అప్పట్నించి ఏ పురుటింటికెళ్లినా ముందు తల్లి చెయ్యే పట్టుకుంటానమ్మా’’ అంది.

ఆ రోజుల్లో గోదావరి మీద ఎదుర్లంక వంతెన లేదు. అది వచ్చింది 2002లో. మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలైంది 2005లో. నాయనమ్మ అక్కకి లేనివి, నాకు ఉన్నవి ఆ రెండూ. కానీ అవి పనికిరావాలంటే ముందు ఎవరో ఒకరు దుప్పటి ఎత్తి చూడాలి.

కాకినాడలో గర్భసంచి లోపల ఒక బెలూన్ పెట్టి, దాన్ని సెలైన్‌తో నింపారు. లోపలి నుంచి ఒత్తిడి పడి రక్తం ఆగేందుకు అది. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. తెల్లవారుజామున నాలుగింటికి అదుపులోకి వచ్చింది. ‘‘ఇంకా ఆలస్యమైతే గర్భసంచి తీసేయాల్సి వచ్చేది. అదీ అదృష్టం బాగుంటే’’ అన్నారు అక్కడి డాక్టరమ్మ.

కంటితో చూస్తే ‘కొంచెమే’

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్కల ప్రకారం ఏటా సుమారు 1.4 కోట్ల మంది తల్లులకు ఈ అధిక రక్తస్రావం జరిగేది. దాదాపు 70 వేల మంది చనిపోయేవారు. ప్రసవ సంబంధ మరణాలు లక్ష జననాలకి మన దేశంలో 97, ఏపీలో 45 అని 2018-20 లెక్కలు. గతంతో పోలిస్తే చాలా తగ్గాయి. కానీ ఆ 45 మందిలో ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఎవరో ఒకరు ‘క్షేమం’ అనే మాట కోసం ఎదురుచూసే ఉంటారు.

అసలు చిక్కు ఎక్కడంటే.. పోయిన రక్తాన్ని చాలాచోట్ల కంటితో చూసి అంచనా వేస్తారు. గుడ్డలు, దుప్పట్లు పీల్చుకున్నది లెక్కలోకి రాదు. అందుకే ‘కొంచెమే’ అనిపిస్తుంది. దీనిపై కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో పెద్ద పరిశోధన జరిగింది. రెండు లక్షలకు పైగా కాన్పులు. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. గీత దాటగానే పొట్ట మర్దన, గర్భసంచి బిగిసే మందు, రక్తం ఆగే మందు, సెలైన్, పూర్తి పరీక్ష.. ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అన్నీ వెంటనే చేశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం వంటివి 60 శాతం తగ్గాయని 2023లో ఫలితాలు వచ్చాయి.

అది చదివినప్పుడు నాకు ఆఫీసు గుర్తొచ్చింది. కొలవకపోతే అలర్ట్ రాదు. అలర్ట్ రాకపోతే ఎంత గొప్ప టీమ్ ఉన్నా కూర్చునే ఉంటుంది. ఆ రాత్రి నా అలర్ట్ మా నాయనమ్మ.

‘బిడ్డ బాగుంది కదా..’

ఇంటికొచ్చాక పాలు సరిగ్గా పడలేదు. నాలుగడుగులు వేస్తే కళ్లు తిరిగేవి. రాత్రిళ్లు పక్క తడిగా ఉందనిపించి ఉలిక్కిపడి లేచి లైట్ వేసుకునేదాన్ని. చెబితే ‘బిడ్డ బాగుంది కదా, ఇంకేం కావాలి’ అనేవాళ్లు. ప్రేమతోనే అనేవారు. కానీ ఆ మాట వింటుంటే, నేను బతికింది కూడా ఓ వార్తేనని ఎవరికీ అనిపించలేదా అని ఏడుపొచ్చేది. రెండో నెలలో కౌన్సెలర్‌తో మాట్లాడా. కాన్పు తర్వాత ఇలాంటి భయం, దిగులు చాలామందికి వస్తాయని, అది నా తప్పు కాదని అప్పుడు అర్థమైంది. మీకూ అలా ఉంటే దాచుకోవద్దు. టెలి-మానస్ 14416కి ఉచితంగా కాల్ చేయొచ్చు.

తోడుగా వెళ్తున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

* కాన్పయ్యాక మొదటి రెండు గంటలు కీలకం. ప్రతి పావుగంటకీ బీపీ, నాడి, పొట్ట, రక్తస్రావం చూడమని సిబ్బందిని అడగండి. మొహమాటం వద్దు.
* ఒకరు పాప దగ్గరుంటే మరొకరు తల్లి దగ్గరే ఉండాలి. ఫోన్ పక్కన పెట్టి.
* చెయ్యి చల్లబడటం, పెదాలు పాలిపోవడం, గుండెదడ, దాహం, మగతగా ఉండటం.. వీటిని అలసట అనుకోకండి. ప్యాడ్ గబగబా తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా వెంటనే పిలవండి.
* నెలలు నిండకముందే బ్లడ్ గ్రూప్ తెలుసుకుని, రక్తం ఇవ్వగలిగే ఇద్దరి నంబర్లు దగ్గర పెట్టుకోండి. అవసరమైతే ఏ ఊరికి పంపిస్తారో డాక్టర్‌ని ముందే అడగండి.
* ఐరన్ మాత్రలు మానొద్దు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం తక్కువున్నప్పుడు కొద్దిగా పోయినా ప్రమాదమే.
* ఇంటికొచ్చాక కూడా రక్తస్రావం ఒక్కసారిగా పెరిగితే ‘మామూలే’ అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాపకిప్పుడు పద్నాలుగు నెలలు. నాయనమ్మ కర్ర లాక్కుని ఇల్లంతా తిరుగుతోంది. మొన్నామధ్య మా బాబాయి కూతురు ప్రసవించింది. గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది మా ఆయనే. ‘బాబు పుట్టాడు. బాగున్నాడు. నాయనమ్మ తల్లి దగ్గర కూర్చుంది. మిగతాది రెండు గంటలయ్యాక చెబుతా’.

ఆ రెండు గంటలూ గ్రూప్‌లో ఒక్క లడ్డూ బొమ్మ కూడా పడలేదు.