జర్మన్ బయోనెట్లు: సేకర్తలు పదును కాదు, ముద్రలు ఎందుకు చూస్తారు?

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బయోనెట్ చేతికిస్తే, కొత్తవాళ్లు మొన వైపు చూస్తారు. పాత సేకర్తలు పిడి దగ్గరికి వెళ్తారు. అక్కడ, కత్తి మొదట్లో, మూడు చిన్న అక్షరాలు ఉండొచ్చు: ఎఫ్, ఎన్, జె. పక్కన రెండంకెల సంవత్సరం.

ఏ సరకు ఏ కర్మాగారంలో తయారైందో శత్రువుకు తెలియకుండా 1940 ప్రాంతంలో జర్మన్ సైన్యం వాడకంలోకి తెచ్చిన రహస్య కోడ్ ఇది. 'ఎఫ్ఎన్‌జె' అంటే జోలింగెన్ పట్టణంలోని అలెగ్జాండర్ కోపెల్ కంపెనీ. ఒక యూదు కుటుంబం తరతరాలుగా నడిపిన కత్తుల కర్మాగారం అది. త్రాసు బొమ్మ వాళ్ల ట్రేడ్‌మార్క్. 1930లలో నాజీ పాలన ఆ కంపెనీని కుటుంబం చేతుల్లోంచి లాగేసుకుంది. అలెగ్జాండర్ కోపెల్‌ను వృద్ధాప్యంలో టెరెజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1942లో అక్కడే చనిపోయారు. కంపెనీ మాత్రం ఆయన పేరుతోనే హిట్లర్ సైన్యానికి బయోనెట్లు చేస్తూ పోయింది.

అరంగుళం కూడా లేని ముద్ర వెనక ఇంత కథ ఉంది. అందుకే ఈ సేకరణను ఇనప వస్తువుల సరదాగా తీసిపారేయలేం. ముద్ర అరిగిపోతే ఆ కథ కూడా పోతుంది.

అసలు ఎలా చదవాలి?

తుపాకీ గొట్టం చివర బిగించే కత్తే బయోనెట్. తూటాలు అయిపోయినా, నింపే సమయం లేకపోయినా రైఫిల్ బల్లెంలా పనికి రావాలన్నది ఆలోచన. జర్మన్ రకాల్లో సేకర్తలకు ఎక్కువగా ఎదురయ్యేవి రెండు. మొదటి ప్రపంచ యుద్ధంలో విరివిగా వాడిన 98/05. దాని పొడవు పిడి కాకుండా సుమారు 37 సెంటీమీటర్లు. రెండోది హిట్లర్ కాలపు 84/98. ఇది సుమారు 25 సెంటీమీటర్ల పొట్టి కత్తి.

98/05 మొన వైపు వెడల్పవుతుంది. అందుకే ఇంగ్లిష్ సేకర్తలు దాన్ని 'కసాయి కత్తి' అంటారు. పొడవడానికే కాదు, కొమ్మలు నరకడానికీ పనికొచ్చేలా అలా చేశారు.

ఈ పాత రకంలో కత్తి వెన్ను మీద కిరీటం, దాని కింద ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. కిరీటం కింద 'డబ్ల్యూ', 15 ఉంటే ప్రష్యా రాజు విల్హెల్మ్ పేర 1915లో సైన్యం తనిఖీ చేసి తీసుకున్న కత్తి అని అర్థం. 'ఎఫ్ఏ' ఉంటే సాక్సనీ రాజు ఫ్రీడ్రిష్ ఆగస్ట్. 'ఎల్' ఉంటే బవేరియా రాజు లుడ్విగ్. జర్మనీ అప్పటికి ఒకే సామ్రాజ్యమైనా, లోపల రాజులు వేరువేరుగా ఉండేవారని పాఠ్యపుస్తకం కన్నా ఈ కత్తి వెన్నే సూటిగా చెబుతుంది.

పిడికీ కత్తికీ మధ్య ఉండే అడ్డపట్టీ మీద పటాలం గుర్తు ఉంటే ఇంకా మంచిది. ఉదాహరణకు '12.ఆర్.8.45' అంటే 12వ రెజిమెంటు, 8వ కంపెనీ, 45వ ఆయుధం. ఆ రెజిమెంటు ఏ యుద్ధరంగంలో ఉందో వెతుక్కోవచ్చు. అయితే ఆ కత్తి చివరిదాకా ఆ ఒక్క సైనికుడి దగ్గరే ఉందని దీన్నిబట్టి చెప్పలేం. ఉత్సాహంలో చాలామంది ఇక్కడే అడుగు ముందుకేసేస్తారు.

రంపపు పళ్ల వివాదం

కొన్ని 98/05 కత్తుల వెన్నుకు రంపపు పళ్లుంటాయి. శత్రువును చిత్రహింస పెట్టడానికే అలా చేశారని యుద్ధకాలంలో మిత్రరాజ్యాల ప్రచారం. నిజానికి కలప కోసుకోవడానికి వాటిని పరిమిత సంఖ్యలో ఇచ్చేవారు. కానీ ప్రచారం పనిచేసింది. అలాంటి కత్తితో పట్టుబడితే ప్రాణాలు దక్కవని జర్మన్ సైనికులే భయపడ్డారు. రెమార్క్ 1929 నాటి నవల 'ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్'లోనూ ఈ భయం ప్రస్తావన ఉంది. యుద్ధం చివరి దశలో సైన్యమే చాలా కత్తుల పళ్లను అరగదీయించింది. వెన్ను అలా సన్నబడిన కత్తి కనిపిస్తే అది పాడైపోయిందని పక్కన పెట్టకండి. ఆ అరుగుదలే దాని చరిత్ర.

నాకు వ్యక్తిగతంగా ఇంతకంటే ఆసక్తి కలిగించేవి 'ఎర్జాట్స్' రకాలు. అంటే ప్రత్యామ్నాయం. యుద్ధం సాగేకొద్దీ సరఫరా చాలక, చెక్క పిడి మాట మానేసి మొత్తం ఉక్కుతోనే హడావిడిగా చేసినవి. అందంగా ఉండవు. ఆంథొనీ కార్టర్ అనే పరిశోధకుడు వీటికి వరుస నంబర్లిచ్చి పుస్తకం రాశాక, ఒకప్పటి నాసిరకం సరకుకు కూడా సేకర్తలు వెతుకులాట మొదలుపెట్టారు.

మోసం ఎక్కడ?

84/98 రకంలో కత్తి మీదా, ఒర మీదా ఒకే నంబరు కొట్టి కర్మాగారం నుంచి పంపేవారు. రెండూ కలిస్తే ధర పెరుగుతుంది. కలవకపోతే నకిలీ అనుకోనక్కర్లేదు. సైనికుల చేతుల్లో, ఆయుధాగారాల్లో ఒరలు మారిపోయేవి. అసలు మోసం వేరే చోట ఉంది. మామూలు కత్తి మీద కొత్తగా ఎస్ఎస్ ముద్ర కొట్టి పదింతల ధర అడుగుతారు. సైనికులు జ్ఞాపకంగా సొంత డబ్బుతో కొనుక్కున్న కవాతు కత్తుల మీద కూడా ఇప్పటి చెక్కుడు పని చేసి అమ్ముతారు. ముద్ర లోపలి లోహం చుట్టూ ఉన్న లోహం కన్నా తాజాగా మెరుస్తుంటే అనుమానించాలి.

మోసం చేయాలనే ఉద్దేశం లేకుండా జరిగే నష్టం కూడా తక్కువేం కాదు. ఎమెరీ కాగితంతో, పాలిష్ చక్రంతో తళతళలాడించిన కత్తి మీద ముద్రల అంచులు పోతాయి. నూనె, మెత్తటి గుడ్డ, ఓపిక చాలు. తోలు ఒరలోనే ఏళ్లపాటు ఉంచినా తేమ పట్టి తుప్పు వస్తుంది కాబట్టి విడిగా దాచడం మేలు.

స్వస్తిక గుర్తున్న వస్తువుల మీద డబ్బు పెట్టడం సరైనదేనా అన్న ప్రశ్న తప్పించుకోలేనిది. జర్మనీ శిక్షాస్మృతిలోని సెక్షన్ 86ఎ ఆ గుర్తుల బహిరంగ ప్రదర్శనను నిషేధిస్తుంది. చరిత్ర, పరిశోధన, బోధన వంటి అవసరాలకు మినహాయింపు ఉంది. నా అభిప్రాయమైతే ఇది: కోపెల్ కథ తెలుసుకుని దాచుకునేవాడూ, గద్ద బొమ్మ చూసి మురిసేవాడూ ఒకటి కాదు. అమ్మేవాడికి మాత్రం ఇద్దరి డబ్బూ ఒకటే.

భారత్‌లో కొనొచ్చా?

ఆయుధ నియమాలు-2016లోని ఐదో వర్గం జాబితాలో బయోనెట్ పేరు నేరుగానే ఉంది. ఆయుధ చట్టం-1959 సెక్షన్ 10 ప్రకారం ఆయుధాల దిగుమతికి లైసెన్సు కావాలి. విదేశీ వేలంలో గెలిచి కొరియర్‌లో తెప్పించుకుందామనుకుంటే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. దేశంలోనే కొన్నా, సెక్షన్ 4 కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు తప్పదు. పురాతన విలువ ఉండి తుపాకీగా పనికిరాని ఆయుధాలకు సెక్షన్ 45లో కొంత మినహాయింపు ఉంది. అది మీ కత్తికి వర్తిస్తుందని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. ముందుగా స్థానిక లైసెన్సింగ్ అధికారులను అడగండి.

1914-15లో ఫ్రాన్స్‌లో, తర్వాతి యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీలలో భారత సైనికులు జర్మన్లతో తలపడ్డారు. తాతగారి ట్రంకు పెట్టెలో అలాంటి కత్తి బయటపడితే, తుప్పు గీకే ముందు వెన్ను, అడ్డపట్టీ, పిడి మొదలు ఫొటోలు తీయండి. ఆయన ఏ పటాలంలో, ఎక్కడ పనిచేశారో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే ఒక కాగితం మీద రాసి దాంతో పాటు ఉంచండి.