దరఖాస్తు పంపిన తరువాత

దరఖాస్తు పంపిన నాటితో విద్యార్థి బాధ్యత తీరిపోతుందని భావించడం పరిపాటి. మన రాష్ట్రాలలో ప్రవేశాలు చాలావరకు పరీక్షలు ముగిసి, ఫలితాలు వెలువడిన పిదప జరుగుతాయి కనుక ఈ భావన మనకు అలవడింది. అమెరికాలో డిగ్రీ చదువగోరే ఇంటర్మీడియట్ విద్యార్థి పరిస్థితి వేరు. అక్కడి అనేక కళాశాలలకు దరఖాస్తు గడువు జనవరి తొలి దినాలలోనే ముగుస్తుంది. నిర్ణయాలు మార్చి నెలాఖరుకు వెలువడుతాయి. మన ద్వితీయ సంవత్సర ఫలితాలు వచ్చేది ఆ తరువాతనే. అందుచేత పంపిన దరఖాస్తు సగం గీసిన చిత్రం వంటిది. మిగిలిన సగాన్ని పూరించవలసినది విద్యార్థియే.

1975లో 15 కళాశాలలతో ఆరంభమైన ‘కామన్ అప్లికేషన్’ను నేడు వేయికి పైగా విద్యాసంస్థలు స్వీకరిస్తున్నాయి. ఒక కళాశాలకు సమర్పించిన పత్రాన్ని ఆ కళాశాల కొరకు మరల దిద్దడానికి వీలులేదు. మార్పు ఏదైనా ఆ కళాశాల ప్రవేశాల కార్యాలయానికే తెలియజేయాలి. చిరునామా, ఫోన్ నంబరు మారితే ఒక వాక్యం చాలు. పేరు విషయంలో మాత్రం మరికొంత శ్రద్ధ అవసరం. పదవ తరగతి ధ్రువపత్రంలో ముందున్న ఇంటిపేరు పాస్‌పోర్టులో వెనుకకు చేరడం తెలుగు విద్యార్థులకు తరచు ఎదురయ్యే చిక్కు. రెండు పేర్లూ ఒకరివేనని ముందుగా తెలుపకపోతే దరఖాస్తు ఒకచోట, మార్కుల పత్రం మరొకచోట చిక్కుకుపోవచ్చు.

శుభవార్తను తెలుపడానికి ఎవరూ వెనుకాడరు. కష్టమంతా రెండవ రకం వార్తతోనే. ఒక విద్యార్థిని జ్వరపీడితురాలై అర్ధసంవత్సర పరీక్షలలో రెండు పత్రాలు రాయలేకపోయిందనుకుందాం. చెబితే అవకాశం పోతుందేమోనన్న భయం ఆమెకు సహజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పద్ధతిని గమనిస్తే ఆ భయం ఆమెను ఎటు నడిపిస్తుందో అర్థమవుతుంది. ఆ సంస్థ దరఖాస్తు సమయంలో మార్కుల పత్రాలు అడుగదు. విద్యార్థి స్వయంగా నమోదు చేసిన మార్కులనే విశ్వసిస్తుంది. అయితే అది ఇచ్చే ప్రవేశం షరతులతో కూడినది. ప్రవేశం పొందినవారి అధికారిక పత్రాలు జులై 1 నాటికి చేరాలి. చదివే విషయాలు మారినా, మార్కులు పడిపోయినా ముందుగానే తెలుపవలసి ఉంటుంది. ఫిబ్రవరిలో దాచిన మాట వేసవిలో కాగితం మీద ఎలాగూ బయటపడుతుంది. అప్పటికి వీసా ప్రయత్నాలు మొదలై, ఇతర కళాశాలల తలుపులు మూసుకొని ఉంటాయి. అదే మాట వెంటనే రాస్తే, కార్యాలయం చదివేది ఒక అనారోగ్యం గురించి మాత్రమే. ఏ పత్రాలు తప్పిపోయినవి, కారణమేమి, ఇప్పుడు ఎలా చదువుతున్నది అనే మూడు సంగతులు చాలు. వైద్యుని ధ్రువపత్రం జతపరచవచ్చు. విలపించనక్కరలేదు.

కొన్ని సంస్థలు తామే సమాచారం కోరుతాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అభ్యర్థులను ఫిబ్రవరిలో మరొక పత్రం నింపమంటుంది. నిరీక్షణ జాబితాలో ఉన్నవారి నుండి లేఖలు ఆహ్వానించే కళాశాలలున్నాయి. ఏమీ పంపవద్దని స్పష్టంగా చెప్పేవీ ఉన్నాయి. వద్దన్న చోటికి వారానికొక లేఖ రాయడం ఉత్సాహం అనిపించుకోదు.

చివరిగా తెలుపవలసిన మార్పు ఒకటి తరచు మరుగున పడుతుంది. అనేక కళాశాలలకు మే 1లోగా సమ్మతి తెలుపాలి. ఒకదానిని ఎంచుకున్న విద్యార్థి, ప్రవేశమిచ్చిన మిగిలిన కళాశాలలకు తాను రావడం లేదని రాయాలి. ఆ సీటు కొరకు నిరీక్షణ జాబితాలో మరొకరు ఎదురుచూస్తూ ఉంటారు.