పాత అంబాసిడర్ టైర్లలో ఎంత గాలి ఉండాలి?

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో భన్‌పురి పారిశ్రామిక వాడ వస్తుంది. లారీలు తిరిగే చోటు కాబట్టి గాలి కొట్టే కంప్రెసర్లకు అక్కడ కొదవ ఉండదు. అలాంటి ఒక పంక్చర్ షాపు ముందు ఓ పాత అంబాసిడర్ వచ్చి ఆగిందనుకుందాం. మే నెల, మిట్టమధ్యాహ్నం. రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. కారులో ఐదుగురు, డిక్కీ నిండా సామాను. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా విజయనగరం వెళ్లాలి. "కిత్‌నా డాలూఁ?" అంటాడు షాపు కుర్రాడు. "ఎండలు కదా, రెండు పౌండ్లు తగ్గించే కొట్టు. లేకపోతే పేలిపోతుంది" అంటారు కారు యజమాని.

ఈ మాట మనలో చాలామంది విన్నదే, ఇంకొకరికి చెప్పిందే. అసలు ప్రమాదం అందులోనే ఉంది.

టైరు వేడెక్కడానికి రోడ్డు ఒక్కటే కారణం కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలను తాకిన భాగం నొక్కుకుని, పైకి లేవగానే మళ్లీ సాగుతుంది. రబ్బరు తాను తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా తనలోనే మిగిలిపోతుంది. అంబాసిడర్ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇది నిమిషానికి ఆరు వందలసార్లకు పైగా జరుగుతుంది. గాలి తగ్గిన కొద్దీ టైరు పక్కగోడ ఎక్కువగా వంగుతుంది, వేడీ ఎక్కువవుతుంది. చివరికి రబ్బరుకూ లోపలి దారాల పొరలకూ మధ్య పట్టు వదులుతుంది. ఎండలో పేలిన టైర్లలో గాలి ఎక్కువై పేలినవే ఎక్కువని అనుకుంటాం కానీ, గాలి చాలక నలిగి, కాగి పేలడమే పెద్ద భయం.

మరి వేడికి పెరిగే పీడనం మాటేమిటి? అది లెక్క కట్టి చూడవచ్చు. తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర 26 పౌండ్లు (అంటే చదరపు అంగుళానికి) కొట్టామనుకోండి. వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 40.7. ప్రయాణంలో టైరులోని గాలి 60 డిగ్రీలకు చేరితే అది పరమ ఉష్ణోగ్రతకు అనుపాతంలో పెరిగి 44.7 అవుతుంది. మీటరు మీద దాదాపు 30. పెరిగింది నాలుగు పౌండ్లే. టైరు తయారుచేసేవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే పీడనం ఎప్పుడూ చల్లటి టైరులోనే, బండి కదలకముందే చూడాలంటారు. వేడి టైరులోంచి గాలి తీసేస్తే, మర్నాడు పొద్దున్నకి అది గాలి చాలని టైరు.

చలికాలంలో ఇదే లెక్క తిరగబడుతుంది. మే నెలలో 26 కొట్టి వదిలేస్తే, డిసెంబరులో 12 డిగ్రీల ఉదయాన ఏ లీకేజీ లేకపోయినా 23న్నర ఉంటుంది. ట్యూబు లీకేజీ దానికి అదనం.

సరే, మొదలుపెట్టాల్సిన అంకె ఏది? ముందు కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం మాత్రమే. అది మీ కారుకి సలహా కాదు. అయితే పుస్తకాన్ని కూడా గుడ్డిగా నమ్మలేం. అంబాసిడర్ రూపకల్పనకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఉత్తరపారాలో ఉత్పత్తి 2014లో ఆగిపోయింది కానీ, దాని మొదటి పుస్తకాలు 5.90-15 సైజు క్రాస్ ప్లై టైర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన షాపుల్లో వాటిని 'నైలాన్ టైర్లు' అంటారు. వాటి పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి, పక్కగోడ గట్టిగా ఉంటుంది. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంట్ పొందిన రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకి అడ్డంగా, నేరుగా పోతాయి. దాని పక్కగోడ మెత్తన. బరువు మోసే పని మరింతగా లోపలి గాలి మీదే పడుతుంది. అందుకే నైలాన్ తీసి రేడియల్ వేయించినప్పుడు, సాధారణంగా పుస్తకంలోని అంకె కంటే రెండు నుంచి నాలుగు పౌండ్లు పెంచి మొదలుపెడతారు. రేడియల్ పక్కకి ఉబ్బి కనిపించడం సహజం. దాన్ని కంటితో అంచనా కట్టడం కుదరదు. ఒకే ఇరుసుకి రెండు రకాలూ కలపకూడదు. తప్పక కలపాల్సి వస్తే రేడియల్ జత వెనకే ఉండాలి.

ముందు, వెనక తేడా చిన్నదే అయినా వదిలేయకూడదు. అమెరికాలో 1960లో వచ్చిన షెవర్లే కోర్వేర్‌కి ఇంజను వెనక ఉండేది. దాని పుస్తకం ముందు టైర్లకి 15, వెనక టైర్లకి 26 పౌండ్లు చెప్పింది. నాలుగింటికీ సమానంగా కొడితే మలుపులో వెనక భాగం జారేది. రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన పుస్తకంతో ఈ వ్యవహారం రచ్చకెక్కింది. అంబాసిడర్‌కి ఇంజను ముందే కాబట్టి అంత తేడా అక్కర్లేదు. కానీ వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే అదనపు బరువు దాదాపు అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. నిండు బరువుకి పుస్తకం వెనక టైర్లకు వేరే అంకె ఇచ్చి ఉంటే, దాన్నే పాటించాలి.

ఇక భన్‌పురి లాంటి చోట ఇంకో చిక్కు: మీటరు. లారీ టైర్లలో నూరు పౌండ్ల పైనే ఉంటుంది కాబట్టి మీటర్లూ ఆ కొలతకే. మీటరు తప్పుని సాధారణంగా దాని పూర్తి స్కేలులో శాతంగా చెబుతారు. 200 దాకా చూపే మీటరులో రెండు శాతం తేడా అంటే నాలుగు పౌండ్లు. 110 ఉన్న లారీ టైరుకి అదేం లెక్క? 24 ఉండాల్సిన కారు టైరుకి అది ఆరో వంతు. అరవై దాకా చూపే చిన్న మీటరు కొనుక్కోవడం ఖరీదైన టైర్ల కంటే ముందు చేయాల్సిన ఖర్చు అని నా అభిప్రాయం.

ఆ కుటుంబం బయల్దేరాల్సింది మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. ఇంటి దగ్గరే, టైర్లకు ఎండ తగలకముందే కొలిచి, వెనక టైర్లకు నిండు బరువు అంకె పెట్టుకోవాలి. ధమ్‌తరిలో టీకి ఆగినప్పుడు మళ్లీ కొలవాలి. నాలుగు పౌండ్లకు అటూ ఇటూగా పెరిగితే మొదట పెట్టిన అంకె సరైనదే. ఆరేడు పెరిగితే టైరు ఎక్కువగా నలుగుతోందని అర్థం. కాసేపు ఆగి, రెండు పౌండ్లు ఎక్కించుకుని కదలాలి, తీసేసి కాదు. రెండు కూడా పెరగకపోతే గాలి కాస్త ఎక్కువైనట్టు. దాన్ని మర్నాడు, చల్లటి టైరులో సరిచేసుకోవచ్చు.