పేజీ మొత్తం ఎందుకు, సీటు సంగతి చాలు

బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు పూడ్చి నగరాన్ని నిలబెడుతున్న కాలంలో, 18వ శతాబ్దం చివర, తెలుగు కూలీలు అక్కడికి చేరారు. వాళ్లను కామాటీలన్నారు, వాళ్ల పేట కామాటిపుర అయింది. తర్వాత బట్టల మిల్లులు పద్మశాలీలను వర్లీ, లోయర్ పరేల్ చాళ్లకు రప్పించాయి. పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్లతో ఈ కుటుంబాలకు రాకపోకలు మాత్రం తెగలేదు. బతుకమ్మకో పెళ్లికో పోవాలంటే దేవగిరి ఎక్స్‌ప్రెస్, అది దొరక్కపోతే ట్రావెల్స్ బస్సు. టికెట్ల ఏజెంటు బస్సు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగేది ఒక్క మాట: ఫలానా రోజు సీటుందా? జవాబూ ఒక్క మాటే. వెబ్ తొలి ఏళ్లలో ఈ పొదుపు లేదు. దాన్ని వెబ్‌కు తెచ్చింది పేజీ మొత్తం మళ్లీ తెప్పించకుండా కావలసిన ముక్కనే సర్వర్‌ను అడిగే బ్రౌజర్ పనిముట్టు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్. తెరకు అది తెచ్చిన హంగుల గురించే ఎక్కువగా చెబుతారు. దాని అసలు విలువ ప్రశ్నను చిన్నది చేయడంలో ఉందని నా వాదన.

లెక్క వేసి చూడండి. 56 కిలోబిట్ల మోడెమ్ ఎంత బాగా పనిచేసినా సెకనుకు 7 కిలోబైట్లే తెస్తుంది. తేదీ మార్చిన ప్రతిసారీ 70 కిలోబైట్ల పేజీ మళ్లీ రావాలంటే పది సెకన్లు. మారింది నాలుగు సీట్ల సంగతే అయితే దానికి అర కిలోబైటు చాలు. మైక్రోసాఫ్ట్‌లో ఔట్‌లుక్ మెయిల్‌ను బ్రౌజర్‌లోకి తెస్తున్న బృందానికి ఇదే చిక్కు ఎదురైంది. అందులోని అలెక్స్ హాప్‌మన్ రాసిన ఈ పనిముట్టు ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతో కలిసి 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో బయటికొచ్చింది. మొజిల్లా దాన్ని అందిపుచ్చుకుంది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దాని సత్తా చూపాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ఎజాక్స్ అని పేరు పెట్టాడు. బస్సు సీట్ల ప్రశ్నా వెబ్‌కు చేరింది ఆ రోజుల్లోనే. ఆ ఏడాది దీపావళికి బెంగళూరులో ఉన్న ఫణీంద్ర సామాకు ఊరికి వెళ్లే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక్కచోట తెలిసే దారి లేదు. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన 2006లో బస్సు టికెట్ల సైటు రెడ్‌బస్ మొదలుపెట్టాడు.

ఇప్పుడు బస్సు సీట్ల బొమ్మ మీద వేలు పెట్టగానే పేజీలోని ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, బస్సు నంబరు, తేదీ కలిపి ఒక చిన్న అభ్యర్థన తయారుచేసి బ్రౌజర్‌కు అప్పగిస్తుంది. జవాబు కోసం పేజీ బిగుసుకుపోదు. సర్వర్ నుంచి జేసన్ అనే డేటా రూపంలో నాలుగు పంక్తులు రాగానే, ముందే చెప్పి ఉంచిన ఫంక్షన్ మేలుకుని ఆ సీట్ల రంగు మాత్రం మారుస్తుంది. ఒక సైటు స్క్రిప్టు వేరే సైటు జవాబును చదవలేదు, ఆ రెండో సర్వర్ ఒప్పుకుంటే తప్ప. ఈ కట్టడి లేకపోతే మనం తెరిచిన ఏ పేజీ అయినా మన బ్యాంకు ఖాతాను చదివేయగలదు.

ఇంత పొదుపైతే నేటి సైట్లు ఎందుకింత బరువని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రశ్న చిన్నదైనా, దాన్ని అడిగే స్క్రిప్టులు మెగాబైట్లకు పెరిగాయి. కానీ స్క్రిప్టు ఒకసారి ఫోన్‌లో చేరితే మళ్లీ వాడుకోవచ్చు, సీటు సంగతి ప్రతిసారీ కొత్తగా తెలియాలి. చిన్న ప్రశ్నలు ఇరవై విడివిడిగా పంపితే రానుపోను ఆలస్యమే ఎక్కువవుతుందన్న మాటా నిజం. వాటిని కలిపి అడగాల్సింది స్క్రిప్టు రాసేవాళ్లే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కామాటిపురలో ఒకరికి, నిజామాబాద్‌లో ఇంకొకరికి ఒకే సీటు ఖాళీగా కనిపించవచ్చు. తెర మీదిది కాసేపటి కిందటి వార్త. అందుకే సీటు ఎవరిదో తేల్చే అధికారం పేజీకి లేదు, సర్వర్‌కే ఉంది. డబ్బు కట్టే ముందు అది మరోసారి చూసుకుని, సీటు పోయి ఉంటే ఆ మాట చెబుతుంది. పేజీ మొత్తం తెచ్చుకోవాల్సిన రోజుల్లో అలా మళ్లీ అడగడం చాలా ఖరీదు. ఇవాళ అదే ప్రశ్నను ఫెచ్ అనే కొత్త పద్ధతిలో పంపుతున్నారు. 2015 నుంచి బ్రౌజర్లలో వస్తున్న ఆ పద్ధతిలో రాత తేలికైంది. అడిగేది మాత్రం ఏజెంటు ఫోన్లో అడిగినంతే.