కుర్రాళ్లూ కేసులూ: అపోహలు – వాస్తవాలు

చిన్న పట్టణంలో బైకు పోయినా, బస్టాండు వెనక గొడవ జరిగినా అందరి వేలూ ముందు అక్కడ తిరిగే కుర్రాళ్ల వైపే చూపిస్తుంది. నష్టపోయినవారి కోపం న్యాయమైనదే. కానీ నేరం తగ్గాలంటే మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను సరిచూసుకోక తప్పదు.

అపోహ: ఈ రోజుల్లో నేరాలన్నీ పిల్లలే చేస్తున్నారు.

వాస్తవం: జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో నమోదైన కేసులు 58 లక్షలకు పైనే. వాటిలో పద్దెనిమిదేళ్లలోపు వారిపై పడినవి 30,555. నూటికి ఒకటి కూడా కాదు. పట్టుబడిన వారిలో ఎక్కువమంది 16–18 ఏళ్లవారు. చదువు ఆగిపోయి, చేతికి పని దొరకని వయసు అది. మన శ్రద్ధ ముందుగా అక్కడే ఉండాలి.

అపోహ: మైనర్ అయితే చట్టం వదిలేస్తుంది.

వాస్తవం: 2015 నాటి బాల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డు బాలుణ్ణి మూడేళ్ల వరకు ప్రత్యేక గృహానికి పంపవచ్చు. పదహారు దాటినవాడిపై ఘోర నేరం ఆరోపణ వస్తే, పెద్దవాడిలా విచారించాలో లేదో బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. మైనర్ కొడుకు చేతికి బండి తాళాలిచ్చిన తండ్రికీ మోటారు వాహనాల చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు.

అపోహ: స్టేషనుకు తీసుకెళ్లి నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: అది చట్టవిరుద్ధం. బాలుణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. ప్రతి స్టేషన్‌లోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. బెదిరింపు ఫలించదని అనుభవమూ చెబుతోంది. అమెరికాలో కుర్రాళ్లను జైళ్లకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించిన కార్యక్రమాలను పరిశోధకులు పరిశీలిస్తే, వెళ్లనివారికన్నా వెళ్లొచ్చినవారే ఎక్కువగా నేరాల్లో పడ్డారని తేలింది.

అపోహ: నేరాలు ఆపడం పోలీసుల పని, ఊరు చేసేదేముంది?

వాస్తవం: ఆస్ట్రేలియాలో సిడ్నీకి దాదాపు 800 కిలోమీటర్ల దూరాన బర్క్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఆదివాసీ పెద్దలు ‘మారంగుకా’ పేరుతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. పిల్లలు ఏ దారిన కేసుల్లో ఇరుక్కుంటున్నారో పోలీసు లెక్కలు ముందు పెట్టుకుని చూశారు. లైసెన్సు లేకుండా కారు నడపడం అందులో ఒకటి. అక్కడ లైసెన్సు రావాలంటే, లైసెన్సున్న పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని 120 గంటలు నడిపినట్టు పుస్తకంలో రాయించుకోవాలి. ఇంట్లో కారూ, లైసెన్సున్న పెద్దా లేని కుర్రాడు ఏం చేస్తాడు? అలాగే నడుపుతాడు, దొరికిపోతాడు, మళ్లీ కోర్టు మెట్లెక్కుతాడు. అందుకే ఊరే డ్రైవింగ్ నేర్పించే ఏర్పాటు చేసింది. పోలీసులూ సేవా సిబ్బందీ రోజూ కలుసుకుని, ఏ కుటుంబానికి సాయం కావాలో మాట్లాడుకున్నారు.

కేపీఎంజీ అనే సలహా సంస్థ మదింపు ప్రకారం బర్క్‌లో 2016తో పోలిస్తే 2017లో బాలలు ఎక్కువగా చేసే ఐదు రకాల నేరాల్లో అభియోగాలు 38 శాతం, గృహహింస 23 శాతం తగ్గాయి. పన్నెండో తరగతి వరకు చదువు కొనసాగించినవారు 31 శాతం పెరిగారు. ఆ ఏడాది కలిగిన ప్రయోజనం విలువ 31 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. కార్యక్రమం ఖర్చుకు దాదాపు ఐదు రెట్లు. అక్కడ పోలీసులు పక్కకు తప్పుకోలేదు, పనితీరు మార్చుకున్నారు. అయితే ఇది ఒక్క ఏడాది లెక్క. డబ్బూ మనుషులూ ఏళ్ల తరబడి వెన్నంటి ఉంటేనే ఇలాంటి ఫలితం నిలుస్తుంది.

అపోహ: ఒక్కసారి కేసు పడితే బతుకు పోయినట్టే.

వాస్తవం: బాలుడిగా చేసిన తప్పు తర్వాతి జీవితంలో అనర్హత కాకూడదని చట్టమే చెబుతోంది. గడువు తీరాక ఆ రికార్డును ధ్వంసం చేయాలి. ఘోర నేరంలో పెద్దవాడిలా విచారించి దోషిగా తేల్చినవారికే మినహాయింపు. పిల్లవాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. దొంగ అని ముద్రవేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే, రేపు పనివ్వాల్సిన దుకాణదారు కూడా ముఖం చాటేస్తాడు.

మన పట్టణంలోనూ బడి మానేసినవారు ఎవరో హెడ్మాస్టరుకు తెలుసు. రాత్రిళ్లు ఎవరు తిరుగుతున్నారో ఎస్సైకి తెలుసు. పని నేర్పగలిగేది ఐటీఐ, మెకానిక్ షెడ్డు. వీళ్లంతా నెలకోసారి ఒకచోట కూర్చుని, ఒక్కో పిల్లవాడి గురించీ పేరుపేరునా మాట్లాడుకోవాలి. మున్సిపాలిటీ ఆ సమావేశం పిలవాలి, కావలసిన డబ్బు బడ్జెట్‌లో చూపించాలి. మన వార్డు కౌన్సిలర్‌ను ఈ నెలలోనే అడుగుదాం.